పాత చైన్‌సాని గుర్తుపట్టడం, కొనడం, వెలకట్టడం

పాత చైన్‌సా చేతికి రాగానే ఎవరైనా చేసే మొదటి పని తాడు లాగడం. స్టార్టయితే కొందాం, కాకపోతే తుక్కు అన్న లెక్క కొమ్మలు కొట్టించుకునేవారికి సరిపోతుంది, సేకరించేవారికి సరిపోదు. మొరాయించిన ఇంజనుని దారికి తేవడానికి చాలాసార్లు రెండు డయాఫ్రాలూ (కార్బొరేటర్‌లో పెట్రోలు పంపే పలచటి పొరలు) ఒక ప్లగ్గూ చాలు. అదే 1960ల నాటి రంపానికి ఎయిర్ ఫిల్టర్ మూత పోయిందంటే, ఆ ఒక్క మూత కోసం ఇంకో రంపాన్ని నిలువునా కొనాల్సి రావచ్చు. అందుకని ముందు అది ఏ మోడలో తేల్చుకోండి, తర్వాత ఏ భాగాలు లేవో చూడండి. ఇంజను సంగతి ఆ తర్వాత.

వయసు ఎలా తెలుస్తుంది

ముందు బరువు చూడండి. 1927లో జర్మనీలో డోల్మార్ తెచ్చిన పెట్రోలు రంపం 58 కిలోలు, 1929లో స్టిల్ తెచ్చినది 46 కిలోలు. రెండూ ఇద్దరు పట్టుకుంటేగాని లేవవు. 1949లో అమెరికాలో మెక్‌కలక్ 3-25 వచ్చేసరికి అది 25 పౌండ్లకు దిగింది, అంటే పదకొండు కిలోల పైచిలుకు. 1959 నాటి స్టిల్ కాంట్రా 12 కిలోల్లో 6 హార్స్‌పవర్ ఇచ్చింది, పైగా మధ్యలో గేర్లు లేవు. 1960లలో హోమ్‌లైట్ ఎక్స్‌ఎల్-12 బారూ (చైన్ చుట్టూ తిరిగే పొడుగాటి పలక) చైనూ తీసేస్తే 12 పౌండ్లే.

గేర్లున్నాయా లేవా అన్నది పైనుంచే తెలుస్తుంది. క్లచ్ పక్కన ఉబ్బుగా, నూనె పోసే బిరడాతో ఒక పెట్టె ఉంటే అది గేర్ రంపం. చైన్ నెమ్మదిగా తిరుగుతుంది, బలంగా కోస్తుంది. ఎక్కువగా 1950ల సరుకు. బార్ పడుకోవడానికీ నిలబడడానికీ వీలుగా ఆ పెట్టె దగ్గరే మడతబందు లాంటి తాళం ఉంటే ఇంకా పాతది. ఎందుకంటే ఆ రోజుల్లో కార్బొరేటర్‌లో ఫ్లోటు ఉండేది, ఇంజను వంగితే పెట్రోలు కారిపోయేది. చెట్టుని అడ్డంగా కోయాలన్నా దుంగని నిలువుగా కోయాలన్నా ఇంజను నిటారుగానే ఉండి బార్ ఒక్కటే తిరగాలి. డయాఫ్రం కార్బొరేటర్ వచ్చాక ఈ ఏర్పాటు అవసరం లేకపోయింది.

తర్వాతి గుర్తులు హ్యాండిల్ దగ్గర ఉంటాయి. హ్యాండిల్‌కీ ఇంజనుకీ మధ్య రబ్బరు దిమ్మలు లేకపోతే, అంటే ఇనుముకి ఇనుము నేరుగా బిగించి ఉంటే, డిజైను 1960ల మధ్యకు ముందుదని అనుకోవచ్చు. 1969లో హస్క్‌వర్నా తన 180 మోడల్‌లో ఆ దిమ్మల్ని రంపం నిర్మాణంలోనే కలిపేసింది. ముందు హ్యాండిల్ ఎదురుగా చెయ్యి తగిలితే చైన్ ఆగే బ్రేకు పలక 1970ల మొదట్లో వచ్చింది. బొటనవేలితో నొక్కే నూనె పంపు ఒక్కటే ఉండి, తనంతట తాను చైన్‌కి నూనె పోసే ఏర్పాటు లేకపోతే అదీ పాతదనానికే సాక్ష్యం. అయితే చవక మోడళ్ళు ఈ సౌకర్యాలన్నీ చాలా ఆలస్యంగా తెచ్చుకున్నాయి. ఒక్క గుర్తు పట్టుకుని ఏడాది తేల్చెయ్యకండి.

చైన్‌ని బట్టి వయసు చెప్పేవారూ ఉన్నారు. 1947లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో జో కాక్స్ అమ్మకానికి తెచ్చిన చిప్పర్ చైన్‌కి ముందు, చైన్ పళ్ళు చేతిరంపం పళ్ళలాగే నిలువుగా నిలబడి చెక్కని గీకేవి. కాక్స్ కలప తొలిచే పురుగు లార్వా దవడల్ని చూసి, కుడీ ఎడమా వంగి చెక్కని చెక్కుకుంటూ పోయే పళ్ళు చేశాడు. ఇప్పటి చైన్లన్నిటికీ మూలం అదే. కాబట్టి గీకే పళ్ళ చైన్ అసలు బార్ మీద కనిపిస్తే ముచ్చటపడొచ్చు. కాని చైన్ అరిగిపోయి మారే వస్తువు, అది రంపం వయసు చెప్పదు. దాన్నుంచి మనకు కావాల్సింది పిచ్ కొలత, అంటే చైన్ లింకుల సైజు, అంగుళాల్లో. వరసగా మూడు రివెట్ల మధ్య దూరం కొలిచి రెండుతో భాగించండి. 8.25 మి.మీ. వస్తే .325, 9.5 వస్తే 3/8, 10.26 వస్తే .404, 12.7 వస్తే అర అంగుళం. అర అంగుళం వచ్చిందంటే కొత్త చైన్ వేటకి ఓపిక పట్టాలి.

అంకెలు చదవడం

స్టిక్కర్లని చివర చూడండి. పై మూతలు ఒకదానివి ఇంకోదానికి పట్టేస్తాయి, స్టిక్కర్లు విడిగా అమ్ముతారు. పోతపోసిన లోహం మీది అంకెలు మార్చడం అంత తేలిక కాదు.

స్టిల్ భాగాల మీద పదకొండు అంకెల సంఖ్య ఉంటుంది. దాని మొదటి నాలుగు అంకెలే కుటుంబం పేరు: 1106 అంటే 070, 090 మోడళ్ళు. 1110 అంటే 041. 1111 అంటే 051, 075. 1119 అంటే 038. 1121 అంటే 024, 026. 1122 అంటే 064, 066. 1128 అంటే 044. రంపం సొంత సీరియల్ నంబరు వేరే ఉంటుంది, తొమ్మిది అంకెలు. దాని మొదటి అంకె 1 అయితే జర్మనీలో, 2 అయితే అమెరికాలో, 3 అయితే బ్రెజిల్‌లో తయారైంది. తయారైన ఏడాది మాత్రం అందులో ఉండదు.

హస్క్‌వర్నా పద్ధతి వేరు. పాత ఏడంకెల నంబరులో మొదటి అంకె ఏడాదిలో చివరి అంకె, తర్వాతి రెండూ వారం. 8230417 అని ఉందనుకోండి: ఏదో ఎనిమిదో ఏడాది, 23వ వారం. అది 1978ఓ 1988ఓ మోడల్ ఏ కాలంలో అమ్ముడైందో చూసి మనమే తేల్చుకోవాలి. హోమ్‌లైట్ పలక మీద యూటీ అక్షరాల తర్వాత 10తో మొదలయ్యే అయిదంకెలు వెతకండి. మెక్‌కలక్‌కి 600తో మొదలయ్యే ఆరంకెలు. సియర్స్ దుకాణాల వాళ్ళు క్రాఫ్ట్స్‌మన్ పేరుతో అమ్మినవి సొంత తయారీ కాదు. మోడల్ నంబరు 358తో మొదలైతే తయారుచేసింది పౌలాన్, 917తో మొదలైతే రోపర్. ఇది తెలిస్తే విడిభాగాల వేట సగం తగ్గుతుంది.

ప్లాస్టిక్, మెగ్నీషియం భాగాల లోపలి వైపు ఒక్కోచోట గడియారం లాంటి చిన్న గుండ్రం ఉంటుంది. మధ్యలో ఏడాది, బాణం గుర్తు చూపేది నెల. రంపం అంతకుముందు తయారై ఉండదు అన్నంతవరకే అది సాక్ష్యం. మూత తర్వాత మార్చి ఉండొచ్చు కదా.

070 అని అమ్మేదీ, 090 అని చెప్పేదీ

మన దేశంలో పాత పెద్ద రంపం అనగానే కలప పనివాళ్ళ దగ్గర తరచుగా కనిపించేది స్టిల్ 070. దాని అన్నగారు 090. రెండిటి చట్రమూ ఒకటే కాబట్టి 070కి 090 పలక తగిలించి ఎక్కువ ధర చెప్పడం మహా తేలిక. స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, రెండిటికీ 40 మి.మీ. తేడా బోరులో, అంటే సిలిండర్ లోపలి వ్యాసంలో, ఉంది: 070కి 58 మి.మీ., 090కి 66 మి.మీ. సిలిండర్ విప్పి వెర్నియర్‌తో కొలవండి. బోరుని బోరుతో గుణించి, 0.785తో గుణించి, స్ట్రోకుతో గుణించి, వెయ్యితో భాగిస్తే సీసీ వస్తుంది. 58 × 58 × 0.785 × 40 ÷ 1000 అంటే 106 సీసీ. అదే 66తో వేస్తే 137. సిలిండర్ విప్పనివ్వని అమ్మకందారుకి 070 ధరే ఇవ్వండి.

ఇంకో చిక్కు నకిలీలు. 070ని పోలిన చైనా రంపాలు కొల్లలుగా వచ్చాయి, కొన్ని పేరుతో సహా అచ్చుగుద్దినవే. ఏ ఒక్క గుర్తునీ నమ్మకుండా నాలుగైదు కలిపి చూడాలి. సీరియల్ నంబరు లోహంలోకి కొట్టి ఉందా లేక కాగితం స్టిక్కరేనా, పోత అంచులు నున్నగా ఉన్నాయా లేక గరుకు గరుకుగా ఆకురాయి ఆడించినట్టున్నాయా, కార్బొరేటర్ మీద టిల్లట్‌సన్ పేరూ మోడల్ అంకెలూ స్పష్టంగా దిగాయా, సిలిండర్ మీద తయారీదారు ముద్ర ఉందా. నకిలీల వల్ల ఒక మేలు కూడా జరిగింది: 070కి పిస్టన్, సిలిండర్, రింగులు చవగ్గా దొరుకుతాయి. పని చేసుకునేవారికి అది వరమే. సేకరణ విలువ మాత్రం అలాంటి భాగం పడ్డ ప్రతిసారీ తగ్గుతుంది. తీసేసిన అసలు భాగం ఎంత పాడైనా పారేయకండి, రంపంతోపాటే ఉంచండి.

కొనేముందు పది నిమిషాలు

ముందు మరల తలలు చూడండి. గాట్లు పడి, మూలలు అరిగి ఉంటే ఎవరో సరైన పనిముట్లు లేకుండా లోపలికి వెళ్ళొచ్చారని అర్థం. బార్ బిగించే రెండు స్టడ్ల మరలు, సిలిండర్ రెక్కలు, తాడు చుట్టుకునే మూత, సైలెన్సర్, చోక్ కడ్డీ, రెండు ట్యాంకుల బిరడాలు ఉన్నాయో లేవో లెక్కపెట్టండి. లేనివి రాసుకోండి, ధర మాట్లాడేటప్పుడు ఆ కాగితమే పనికొస్తుంది.

తర్వాత తాడుని నెమ్మదిగా లాగండి. ఇంజను కదలకపోతే బలవంతం చెయ్యకండి, ముందు బార్, చైన్ తీసేసి మళ్ళీ చూడండి. చాలాసార్లు పట్టేసింది తుప్పు చైనే. తిరుగుతుంటే, స్విచ్ ఆపి, తాడు పిడి పట్టుకుని రంపాన్ని నేల మీంచి నాలుగంగుళాలు లేపండి. కంప్రెషన్ ఉన్న ఇంజను, అంటే సిలిండర్లో గాలిని గట్టిగా నొక్కి పట్టేది, ఆగి ఆగి దిగుతుంది, లేనిది జారిపోతుంది. తాడు ఎన్నేళ్ళదో తెలియదు కాబట్టి కాలు దూరంగా పెట్టండి.

గేజి ఉంటే ప్లగ్గు తీసి పెట్టి, త్రాటిల్ పూర్తిగా తెరిచి ఆరుసార్లు లాగండి. 150 పీఎస్‌ఐ వస్తే సంతోషం. 110 లోపు వస్తే రింగులో సిలిండరో అనుమానించాలి, కొన్ని పాత పెద్ద ఇంజన్లు పుట్టుకతోనే తక్కువ చూపినా సరే. ఇక్కడ ఒక మోసం ఉంది: కార్లకు వాడే గేజిలో గాలిని ఆపే వాల్వు ప్లగ్గు కొన దగ్గర కాకుండా గొట్టం అవతలి చివర ఉంటే, ఇంత చిన్న ఇంజనుకి గొట్టంలోని ఖాళీయే ఎక్కువైపోయి రీడింగ్ తక్కువ వస్తుంది. మంచి రంపాల్ని ఇలా తుక్కుకి వేసినవారు తక్కువేం కాదు.

అన్నిటికన్నా నిజం చెప్పేది సైలెన్సర్ వెనక ఉన్న రంధ్రం. సైలెన్సర్ మరలు విప్పి, టార్చి వేసి పిస్టన్ చూడండి. నున్నగా, సన్నటి తయారీ గీతలు ఇంకా కనిపిస్తూ ఉంటే తృప్తిగా కొనొచ్చు. పొగ వెళ్ళే వైపు నిలువు చారలుంటే ఆయిల్ తక్కువ కలిపారనో, ఎక్కడో గాలి లీకై మిశ్రమం పలచబడిందనో (గాలి ఎక్కువై పెట్రోలు తగ్గిందనో) లెక్క. పెట్రోలు వచ్చే వైపు మాసినట్టు అరిగితే ఫిల్టర్ లేకుండా దుమ్ములో ఆడించారు. నాలుగు మూలలా చారలుంటే సరిగ్గా వేడెక్కకముందే గట్టిగా ఆడించారు, లేదా రెక్కల మధ్య పొట్టు పేరుకుని గాలి ఆడలేదు. ఇంకో వైపు పిస్టన్ చూడాలంటే కార్బొరేటర్ విప్పాలి. ధర పెద్దదైతే ఆ శ్రమ పడండి.

ఆడించడం

పాత మిగులు పెట్రోలుతో ప్రయత్నించకండి. ట్యాంకు కడిగి, పైపూ ఫిల్టరూ కొత్తవి వేసి, కార్బొరేటర్ విప్పండి. విప్పేముందు ఫొటో తీయండి, గాస్కెట్టూ డయాఫ్రమూ వరస తారుమారైతే పెట్రోలు అందదు. మంచి డయాఫ్రం గుడ్డలా మెత్తగా వంగుతుంది. పాడైంది వేలితో నొక్కితే అప్పడంలా పెళపెళమంటుంది. మళ్ళీ బిగించాక పెట్రోలు పాలు సర్దే రెండు సూది మరల్నీ మెల్లగా చివరిదాకా తిప్పి, అక్కడినుంచి ఒక చుట్టు వెనక్కి తీయండి. గట్టిగా బిగిస్తే సూది మొన చెడి ఇక ఎన్నటికీ కుదురుకోదు.

ప్లగ్గులో కరెంటు రాకపోతే ముందు స్విచ్ వైరు విప్పి చూడండి, సగం కేసులు అక్కడే తేలతాయి. 1970ల ముందటి వాటిల్లో ఫ్లైవీల్ కింద పాయింట్లుంటాయి, అంటే కలుస్తూ విడిపోతూ కరెంటు తెంపే రెండు లోహపు ముక్కలు. వాడక్కపోతే వాటిమీద సన్నటి పొర పడుతుంది. పెట్రోలులో ముంచిన గట్టి కాగితాన్ని మధ్యలో పెట్టి లాగితే చాలు. పాయింట్లు విడిపోయినప్పుడు మధ్య ఖాళీ 0.35 నుంచి 0.4 మి.మీ., కాయిల్‌కీ ఫ్లైవీల్ అయస్కాంతానికీ మధ్య 0.25 నుంచి 0.3 మి.మీ., అంటే ఒక విజిటింగ్ కార్డు మందం. ప్లగ్గు ఖాళీ 0.5 నుంచి 0.6. ఫ్లైవీల్ తీయాల్సి వస్తే స్క్రూడ్రైవర్‌తో ఎగదన్నకండి, రెక్కలు విరుగుతాయి. లోపలి చిన్న తాళంముక్క తెగి ఉంటే కరెంటు వస్తున్నా ఇంజను ఎదురు తంతుంది.

ఈ ఇంజన్లకు ఆయిల్ పెట్రోలులోనే కలపాలి. పాత రంపం ట్యాంకు మీద 16:1 అనో (పదహారు పాళ్ళ పెట్రోలుకి ఒక పాలు ఆయిల్) 20:1 అనో రాసి ఉంటుంది. అది ఆ కాలపు మామూలు ఇంజను ఆయిల్‌కి చెప్పిన లెక్క. ఇప్పటి మంచి టూస్ట్రోక్ ఆయిల్‌తో 32:1 చాలు, లీటరుకి 31 మి.లీ. అనుమానంగా ఉంటే 25:1, అంటే 40 మి.లీ. కొలత మందు సీసా మూతతో కాదు, సిరంజితో.

అసలు తలనొప్పి ఇథనాల్. మన బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 1960ల, 70ల రబ్బరు పైపులు, డయాఫ్రాలు దానికి పుట్టలేదు. మెత్తబడి, ఉబ్బి, జిగటగా కరుగుతాయి. పైగా ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుని మెగ్నీషియం ట్యాంకు అడుగున తెల్లటి పొడి పుట్టిస్తుంది. ఇథనాల్ ఉందో లేదో ఇంట్లోనే చూడొచ్చు: గీతలున్న సన్నటి గాజు గొట్టంలో 10 మి.లీ. నీళ్ళు, 100 మి.లీ. పెట్రోలు పోసి, మూతపెట్టి కలిపి అయిదు నిమిషాలు నిలపండి. నీళ్ళ మట్టం 10 దగ్గరే ఉంటే ఇథనాల్ లేదు. 30 దాకా పాకితే 20 శాతం ఉన్నట్టు. ఆరుబయట, మంటకి దూరంగా చెయ్యండి. ఇథనాల్ లేని పెట్రోలు దొరక్కపోతే ఇథనాల్‌ని తట్టుకునే కొత్త పైపులు, డయాఫ్రాలు వేసి, ఆడించిన రోజే ట్యాంకు వంచేయండి.

స్టార్టయ్యాక పూర్తి త్రాటిల్‌లో కొంచెం గరగరమంటూ ఆగి ఆగి పేలినట్టు వినిపించాలి. చెక్కలో దిగాక ఆ గరగర పోయి శుభ్రమైన మోత రావాలి. ఖాళీగా ఉన్నప్పుడే ఈలవేసినట్టు సన్నగా కీచుమంటే మిశ్రమం పలచనైంది, వెంటనే ఆపండి. సూది సర్దినా అదే కీచు అయితే బహుశా క్రాంక్ సీళ్ళు (ఇంజను ఇరుసు చుట్టూ గాలి చొరబడకుండా ఆపే రబ్బరు చుట్లు) ఎండిపోయాయి. బ్రేకు లేని రంపంతో దుంగలు కోసే ముచ్చట పెట్టుకోవద్దు. బార్ కొన పైభాగం దేనికైనా తగిలితే రంపం మొహం మీదికి లేస్తుంది, ఆపే ఏర్పాటు దానికి లేదు. మన రాష్ట్రాల్లో చాలా రకాల చెట్లు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద అనుమతి ఎలాగూ కావాలి.

శుభ్రం చేయడంలో చేసే పాపం

పాత రంపాల చట్రం మెగ్నీషియం, సిలిండర్ అల్యూమినియం. తుప్పు వదిలించే ఆమ్లం, వెనిగర్, నిమ్మరసం మెగ్నీషియాన్ని తినేస్తాయి. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది. రెండిటికీ పనికొచ్చేది కిరసనాయిలు, మెత్తటి బ్రష్షు, వెదురు పుల్ల. మెగ్నీషియం మీద గ్రైండర్ ఆడించకండి. ఆ పొడి అంటుకుంటుంది, అంటుకున్నాక నీళ్ళు పోస్తే ఇంకా రేగుతుంది. అసలు పెయింట్ అరవై శాతం మిగిలి ఉన్నా దాన్నలాగే ఉంచేయండి. తళతళలాడే కొత్త రంగు వేసిన రంపంకన్నా మాసిన అసలు రంగుదే సేకరించేవారు ఎక్కువకి కొంటారు.

ధర

అడుగుతున్న ధరలు చూసి మోసపోవద్దు. ఈబేలో అమ్ముడైన వాటి జాబితా విడిగా తెరవొచ్చు, అదే మోడల్‌వి కనీసం అయిదు చూడండి. 100 సీసీ దగ్గరున్నవాటికీ దాటినవాటికీ గిరాకీ ఎప్పుడూ ఉంటుంది, ఎందుకంటే దుంగని పలకలుగా కోసుకునేవారికి ఇప్పటికీ అవే కావాలి: స్టిల్ 075, 090, హస్క్‌వర్నా 2100. మెక్‌కలక్ 125 లాంటి వాటిని కార్టింగ్ పిచ్చివాళ్ళు కూడా ఎగరేసుకుపోతారు. ఆ కంపెనీ ఇంజన్లు గోకార్టుల్లో పేరు తెచ్చుకున్నాయి. ఎక్స్‌ఎల్-12, మెక్‌కలక్ 10-10 లాంటివి అమెరికాలో లక్షల్లో అమ్ముడైన రకం, ఎంత ముద్దొచ్చినా ధర పెరగదు. నేర్చుకోవడానికి మాత్రం వాటిని మించినవి లేవు. ఇద్దరు పట్టే రంపాలకు అవతలి మనిషి పట్టే పిడి ఉంటేనే విలువ. చాలావాటికి అదే పోతుంది.

లెక్క ఇలా వేయండి. పూర్తిగా ఉండి ఆడుతున్న అదే మోడల్ 20,000 రూపాయలకు అమ్ముడవుతోందనుకుందాం. మీ ముందున్నదానికి మూత లేదు, దొరికితే 2,500. డయాఫ్రాలు, సీళ్ళు, పైపు, ప్లగ్గు 2,000. రవాణా 1,000. ఇవి తీసేస్తే 14,500. సైలెన్సర్ విప్పి పిస్టన్ చూడనివ్వకపోతే, తెలియని ఇంజను కింద అసలు ధరలో పావు, 5,000 కొట్టేయండి. 9,500 మించి ఇవ్వొద్దు. మీ చేతి శ్రమ ఇందులో కలపలేదు, అది సరదా ఖాతా.

అమెరికాలో ఉన్నవారికి గరాజ్ సేల్స్, ఎస్టేట్ సేల్స్‌లో సరుకు దొరుకుతుంది. ఇండియాకి విమానంలో తేవాలనుకుంటే ముందే తెలుసుకోండి: ఒక్కసారైనా పెట్రోలు పోసిన రంపాన్ని లగేజీలో ఒప్పుకోరు, ట్యాంకు ఎండినా ఆవిరి ఉంటుందని. ఇక్కడైతే ప్రభుత్వ శాఖల పాత సామాను వేలాలు, కలప అడితీల మూలలు, రంపాలు బాగుచేసే మెకానిక్‌ల అటకలు. మెకానిక్‌ని రంపం అడక్కండి, విడిభాగాల కోసం పక్కన పెట్టినవేమైనా ఉన్నాయా అని అడగండి. విలువైనవి ఆ గోనెసంచిలోనే ఉంటాయి.

దాచేటప్పుడు ట్యాంకు వంచి, కార్బొరేటర్‌లో మిగిలింది అయిపోయేదాకా ఆడించి ఆపండి. ప్లగ్గు తీసి ఒక చెంచా టూస్ట్రోక్ ఆయిల్ పోసి, తాడు రెండుసార్లు నెమ్మదిగా లాగి, కంప్రెషన్ తగిలే చోట ఆపితే సిలిండర్ రంధ్రాలు మూసుకుని తేమ లోపలికి పోదు. చైన్ వదులు చేయండి. హ్యాండిల్‌కి ఒక అట్టముక్క కట్టి మోడల్, సీరియల్, బోరు కొలత, పిచ్, మార్చిన భాగాలు, చివరిసారి ఆడించిన తేదీ పెన్సిల్‌తో రాయండి. పెన్నుతో రాస్తే ఆయిల్ తగిలి చెరిగిపోతుంది.